మునిగిన పొలం నుంచి ఒక గంప పీతలు

నీళ్ల కింద పొలం ఉందని తెలియనివాళ్లకి యిర్మియా తన చిన్న పడవని, ఆ డింగీని, నడిపే తీరు చూస్తే నవ్వొస్తుంది. అండమాన్‌లో తుష్నాబాద్ ఊరి పక్కనున్న ఆ ఖాడీలో, ఆ ఉప్పునీటి పాయలో, ఎటు చూసినా నీళ్లే, తిన్నగా పోతే సరిపోయేదానికి ఆయన ఎడమకి తిప్పుతాడు, కాస్త ఆగుతాడు, మళ్లీ కుడికి తిప్పుతాడు. ఎనభై రెండేళ్ల మనిషికి కళ్లు మసకేశాయని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆయన మాత్రం మునిగిపోయిన గట్ల వెంబడే పోతూ, ఒక మడిలోంచి ఇంకో మడికి నీళ్లు వదలడానికి ఒకప్పుడు తాను తెరిచి ఉంచిన మడవల్లోంచే డింగీని దాటిస్తాడు. గట్టుకి అడ్డంగా ఏనాడూ పోడు. పొలం గట్టు తొక్కకూడదన్నది ఆయన చిన్నప్పటి అలవాటు, నీళ్లొచ్చాయని అలవాటు మారదు కదా!

సునామీ రోజున నేల ఒక్కసారిగా కుంగిపోయి, సముద్రం వచ్చి ఆ పొలంలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. పోటు మీదున్నప్పుడు ఖాడీ నీళ్ల నిండా మబ్బుల నీడలు పరుచుకుంటాయి. డింగీలో కూర్చుంటే ఆకాశం మీద పోతున్నామో, వరి మడి మీద పోతున్నామో తెలియదు. ఆయన కూతురు పుష్పవతి ఎన్నోసార్లు అలా ఒళ్లు మరిచి కూర్చుంది.

పుష్పవతి పోర్ట్‌బ్లెయిర్‌లో కాలేజీ లెక్చరర్. రోజూ పొద్దున్న బస్సెక్కి వెళ్తుంది, సాయంత్రం బస్సుకి వస్తుంది. మడ చెట్ల మీద డాక్టరేట్. వాటి గురించి ఎవరికేం సందేహం వచ్చినా ఆమెనే అడుగుతారు. అంతటి మనిషి తెలుగు వికీపీడియాలో మొదటి వ్యాసం రాసి, కింద తన పేరూ డిగ్రీలూ వరసగా పెట్టుకుంది. పదకొండు నిమిషాల్లో అవి ఎగిరిపోయాయి. "ఇక్కడ వ్యాసం ఎవరి సొంతమూ కాదండీ. ప్రతి మాటకీ అచ్చయిన ఆధారం కావాలి" అని వాసుదేవ్ అనే ఆయన చర్చాపేజీలో రాశాడు. విజయనగరంలో ఉంటాడట. రెండు రోజులు ఆమె మూతి ముడుచుకుని తిరిగింది. మూడో రోజు సిగ్గు చంపుకుని, "మడవ" అని పేరు పెట్టుకుని కొత్తగా ఖాతా తెరిచింది.

నెల తిరిగేసరికి పని వంటబట్టింది. తమ ఖాడీ మీద చక్కని వ్యాసం తయారైంది. శనివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని దాన్ని తండ్రికి చదివి వినిపించింది. ఆయన పీతల బుట్టకి తాడు బిగిస్తూ విన్నాడు.

"సునామీ తరువాత రైతులు వదిలేసిన ఈ వరి పొలాల్లో మడ మొక్కలు మొలిచాయి..."

తాడు బిగించే చెయ్యి ఆగింది.

"ఒదిలీసినారా? ఎవరొదిలీసినారు?"

"నా పరిశోధన పేపర్లో అలాగే ఉంది నాన్నా."

"నువ్వే రాసినావా?" ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది. "నానొదల్లేదు బేటీ. అలా రాసీస్తే జూట్ అయిపోద్ది కదా!"

ఆ పేపరు రాసిన రోజుల్లో తనని డింగీలో ఎక్కించుకుని తిప్పింది ఈయనే. తను మొక్కలు లెక్కపెట్టింది, ఉప్పు కొలిచింది, డింగీ నడుపుతున్న మనిషిని రైతేనని మాత్రం అనుకోలేదు. సొంత తండ్రినే అలా ఎలా వదిలేసిందో ఆమెకి అర్థం కాలేదు. ఆయన బతికుండగా ఆ మాట దిద్దకపోతే ఇక తను చదివిన చదువెందుకు?

వెంటనే కూర్చుని వ్యాసంలో ఆ మాట మార్చింది. వాసుదేవ్ వెనక్కి మార్చాడు. "నాకు తెలుసు" అని ఈమె రాసింది. "మీకు తెలియడం ఆధారం కాదండీ" అని ఆయన రాశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పుష్పవతి తమ తెలుగు చర్చిలో పాత బీరువా తెరిపించింది. ఏటా కోత పండుగకి ప్రతి కుటుంబం తమ ప్రథమ ఫలాలు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడుతుంది. ఎవరు ఏం తెచ్చారో సంఘ కార్యదర్శి రాసి, చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తాడు. సునామీ తరువాతి ఏటి పుస్తకం తీసింది. అరటి గెలలు, కొబ్బరి కాయలు, వక్కలు. వెనక అట్ట దగ్గర ఆఖరి వరసలో ఉంది: "యిర్మియా గారు, పొలం నుంచి: ఒక గంప పీతలు."

ఆ రోజు ఆమెకి గుర్తే. ఒక పీత గంపలోంచి దూకి పాస్టరుగారి బల్ల కిందికి పరిగెత్తితే చర్చి అంతా నవ్వింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న పుష్పవతి తల దించుకుంది. ఇవ్వడానికి వరి లేక ఏదో ఒకటి తెచ్చాడనుకుంది. ఇప్పుడు వరసగా పుస్తకాలు తిప్పుతుంటే ఏటేటా అదే వరస. ఒక ఏడు పీతలు, ఒక ఏడు రొయ్యలు. అన్నిటికీ ముందు అదే మాట, "పొలం నుంచి." ఆమెకి ఏడుపు ఆగలేదు.

పుస్తకాలను ఆధారంగా చూపి, తన పేపరును వ్యాసంలోంచి పీకేసింది. ఈసారి వాసుదేవ్‌కి నిజంగానే కోపం వచ్చింది.

"మడవ గారూ, డాక్టర్ పుష్పవతి ఈ చిత్తడి మీద ఇరవై ఏళ్లు పనిచేసిన నిపుణురాలు. చర్చి పుస్తకం చూసి ఆవిడ మాట కొట్టేస్తామా?"

ఒకప్పుడైతే ఆ మాట చదివి పొంగిపోయేది. "ఆ పుష్పవతిని నేనే. నేను పొరపాటు రాశాను" అని జవాబిచ్చింది. దానికి వాసుదేవ్ రాశాడు: "క్షమించండి మేడమ్. కానీ మీరు రాసింది అచ్చయిపోయింది. మీ దిద్దుబాటు కూడా అచ్చయ్యేదాకా అది ఉండాల్సిందే. రెండూ ఉంచుదాం."

ఆమె ఆ పూటే పత్రికకి దిద్దుబాటు పంపింది. వ్యాసంలో మాత్రం రెండు మాటలూ పక్కపక్కనే నిలిచాయి.

మరుసటి శనివారం, పోటు మీద, డింగీలో ఫోను తీసి చదివింది: "ఈ పొలాలను రైతులు వదిలేశారని డాక్టర్ పుష్పవతి పరిశోధన పేర్కొంది. అయితే స్థానిక తెలుగు చర్చి ప్రచురణల ప్రకారం, యిర్మియా అనే రైతు ఏటా కోత పండుగకు ఈ పొలం నుంచి ప్రథమ ఫలాలు తెస్తూనే ఉన్నాడు."

యిర్మియా మళ్లీ చదివించుకున్నాడు. నీళ్లలో మబ్బులు మెల్లగా కదులుతున్నాయి.

"మరి ఆ మొదటావిడెవలమ్మా? ఒదిలీసినారని రాసినావిడ?" ఏమీ తెలియనట్టు అడిగాడు, లోలోపల నవ్వుకుంటూ.

పుష్పవతి ఫోను ఒళ్లో బోర్లించింది. "ఎవరో నాన్నా. చదువుకున్నావిడే. దూరం నుంచి చూసి రాసేసింది."

"పాపం," అన్నాడు ఆయన, డింగీని మడవలోకి తిప్పుతూ. "ఓపాలి తీసుకురా. పొలం సూపిద్దాం."