మడత పెట్టిన లుంగీ

పోయిన వారం వేలూరు తొరపాడిలో రెండో కాఫీని ఇంట్లో మర్యాదగా ఎలా అడగాలా అని ఆలోచిస్తుండగా గుడియాత్తం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. ఎనిమిదో తరగతి చదివే వాడి కూతురు క్లాసులో ఇంకో అమ్మాయిని బెంచీ మీంచి తోసేసిందట. ఆ పిల్ల నుదుటికి మూడు కుట్లు పడ్డాయట, అప్పటినుంచి బడికి రావడం లేదట, హెడ్మిస్ట్రెస్ రమ్మని కబురు పెట్టిందట. "నువ్వు చదువుకున్నోడివన్నా, తోడు రా" అన్నాడు. మా వంశంలో డిగ్రీ ఉన్నవాడికి ఇది తప్పని ఉద్యోగం. ఎవరికి ఏ కాగితం వచ్చినా, ఎవరి మీద ఎవరు చేయి చేసుకున్నా, నన్ను బస్సెక్కిస్తారు. నేను చదివింది వృక్షశాస్త్రం.

గుడియాత్తంలో వాళ్ళిల్లు చేరేసరికి చిన్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో గంజివాసన పోని కొత్త లుంగీ. దాన్ని చూడగానే నాకు ప్రయాణపు అలసట అంతా ఒకేసారి వచ్చింది. ఇది తీసుకుపోయి ఆ పిల్ల తల్లికిచ్చి మడత పెట్టించేస్తే సరిపోతుందని ఆమె ఉద్దేశం. ఆ తల్లి లుంగీ ఏం చేసుకుంటుంది చిన్నమ్మా అంటే, మొగుడు కట్టుకుంటాడులే అంది. నుదురు పగిలింది కూతురికి, బట్ట తండ్రికి. మా వీధి న్యాయశాస్త్రమంతా ఆ ఒక్క కవరులో పడుతుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను: మా నేత వీధిలో తగాదా తెగాలంటే తప్పు చేసినవైపు పెద్ద, దెబ్బ తిన్నవైపు పెద్ద భుజాన కొత్త లుంగీ వేస్తాడు. ఆ రెండో పెద్ద దాన్ని తీసి, నలుగురి ముందూ మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంటాడు. మడత పడ్డాక ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. కొట్టినవాడూ తిన్నవాడూ నోరు విప్పాల్సిన పని లేదు. వాళ్ళు లేకపోయినా కార్యక్రమానికి లోటుండదు.

ఈ లుంగీ న్యాయాన్ని నేను దగ్గరనుంచి చూసింది ఒక్కసారే. అప్పుడు నేను పదో తరగతి, తమ్ముడు తొమ్మిది. చిన్నాన్నకు నూలిచ్చి, నేసిన లుంగీలు తీసుకునే యజమానిని అందరూ ముదలాళి అనేవాళ్ళు. ఆ ముదలాళి కొడుకు తమ్ముడి క్లాసే. వాడు తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచినట్టు నాకు గుర్తు లేదు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చి, తమ్ముడి చొక్కా కాలరులోంచి ఒక పోగు లాగేవాడు. "మా నూలు మేం తీసుకుంటాండాం, నీకేమిరా?" అనేవాడు. రోజుకు ఒక్క పోగే. ఆ పనిలో వాడికున్న క్రమశిక్షణ చదువులో ఉండి ఉంటే కలెక్టరయ్యేవాడు. అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చేసరికి ఆ కాలరు సున్నం కొట్టే కుంచెలా తయారైంది. చిన్నమ్మ పాపం సబ్బును తిట్టి, సబ్బు మార్చింది. తమ్ముడు ఇంట్లో చెప్పలేదు. చెబితే మగ్గానికి నూలు ఆగిపోతుందని వాడికి ఆ వయసుకే తెలుసు. నాకు చెప్పాడు. ఎంతైనా పై తరగతివాణ్ణి కదా, బాగా ఆలోచించి, కాలరు లేని చొక్కా వేసుకోమని సలహా ఇచ్చాను.

ఒకరోజు లెక్కల క్లాసు ముందు, మేడమెట్ల మీద, పోగు లాగే చేతిని తమ్ముడు పట్టుకున్నాడు. అంతే, కొట్టలేదు, తిట్టలేదు, పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి వాణ్ణి పైమెట్టు మీంచి తోశారు. నేను కింద కుళాయి దగ్గర నీళ్ళు తాగుతూ మొత్తం చూశాను. ఎడమ మోచేయి విరిగింది. తర్వాత అతుక్కుంది గానీ పూర్తిగా చాపడానికి ఇప్పటికీ రాదు.

ఆదివారం ముదలాళి ఇంటి వసారాలో పెద్దలు కూర్చున్నారు. అందరికీ కాఫీలు, మురుకులు వచ్చాయి. ముదలాళి కొడుకు తండ్రి వెనకాల నిలబడి మురుకు తింటున్నాడు. తమ్ముడు కట్టు కట్టిన చేయి మెడకు వేలాడేసుకుని స్తంభం పక్కన కూర్చున్నాడు. పెద్దాయన ఒకాయన నన్ను చూసి, "నువ్వు ఆడనే ఉంటివంట కదా నాయనా, ఏం జరిగిందో చెప్పు" అన్నాడు. ముదలాళి నా వైపు చూశాడు. మా నాన్న మగ్గానికి కూడా నూలు ఆయనదే. అప్పటికే నేను వీధిలో నవ్వించేవాడిగా పేరు తెచ్చుకుని ఉన్నాను. "లెక్కల క్లాసు తప్పించుకునే దోవ కోసం ఏడాదిగా ఎతకతా ఉండాడు తాతా, దొరికింది" అన్నాను. వసారా అంతా నవ్వింది. ఒకాయనకు కాఫీ పొలమారింది. తరువాత కాలేజీలో హాస్యానికి నాకు రెండు బహుమతులు వచ్చాయి గానీ, అంత పెద్ద నవ్వు మళ్ళీ రాలేదు. తమ్ముడు మాత్రం నన్నే చూస్తున్నాడు. నేను మురుకుల పళ్ళెం వైపు చూశాను.

ఆ నవ్వు ఊపులోనే ముదలాళి లేచి లోపలి దొంతరలోంచి ఒక లుంగీ లాగి చిన్నాన్న భుజాన వేశాడు. నేతగాడి చేతికి బట్ట తగిలితే ఆ చేయి ఊరుకోదు. మడత పెట్టబోతూ చిన్నాన్న అలవాటుగా అంచు వెంట వేళ్ళు నడిపాడు. నాలుగు వేళ్ళ దూరంలో ఆగాడు. లుంగీని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. కొడుకు చేయి విరిగిందన్నప్పుడు కూడా అంతలా పాలిపోలేదు. "ఇది నా మగ్గందేనయ్యా. ఈడ పేక రెండు పోగులు తప్పిండాది, నేను చూసుకోలా. తప్పు నాది, మన్నించల్ల" అన్నాడు రెండు చేతులూ జోడించి. ముదలాళి కూడా ఆ లుంగీ పట్టి చూశాడు. చూసి, పెద్దమనసు చేసుకుని, "పోనీలేప్పా, ఇకమీద చూసి నెయ్యి" అన్నాడు. పెద్దలందరూ తృప్తిగా తలలూపారు. క్షమాపణ చెప్పారు, క్షమించారు, లుంగీ మడత పడింది. ఎవరు ఎవరికి చెప్పారన్నది అంత ముఖ్యం కాదని అందరికీ అనిపించినట్టుంది.

ఇంటికి వస్తుంటే తమ్ముడు ఒక్కటే అడిగాడు: "వాడు ఏమీ చెప్పలేదే నాయనా?" ఆ క్లాసులో, అందరి ముందర, తోసింది నేనేనని వాడొక్క మాట అంటే బడికి పోతానన్నాడు. లుంగీ మడత పెట్టేశాం కదరా అన్నాడు చిన్నాన్న. తమ్ముడు మళ్ళీ బడికి పోలేదు. చేయి చాచలేనివాడు మగ్గానికీ పనికిరాలేదు. కొన్నేళ్ళకు షేర్ ఆటో నడపడం మొదలుపెట్టాడు. హ్యాండిల్ పట్టుకోవడానికి మోచేయి ఎటూ వంగే ఉండాలి కాబట్టి ఇబ్బంది లేదని వాడే అంటాడు.

ఆ ఆటోలోనే మొన్న బడికి బయల్దేరాం. అంతకుముందు తమ్ముడు వాళ్ళమ్మ చేతిలోంచి కవరు తీసుకుని బీరువాలో పెట్టేసి వచ్చాడు. "అది వద్దమ్మా. ఇది పోయి ఆ క్లాసులోనే చెప్పల్ల" అన్నాడు. ఇది అంటే కూతురు. వెనక సీట్లో నా పక్కన ముడుచుకుని కూర్చుని ఉంది. దెబ్బ తిన్న పిల్ల తల్లి బీడీలు చుడుతుందట. పుస్తకాలకు కూడా పొగాకు వాసన వస్తుందని వీళ్ళ జట్టు రోజూ ముక్కులు మూసుకునేదట. రోజూ. నాకు సున్నం కుంచె గుర్తొచ్చింది. బడి మలుపు తిరిగాక తమ్ముడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "అన్నా, ఆడ జోకులు వద్దు."

ముప్పై ఏళ్ళలో వాడు ఆ ఆదివారాన్ని తలుచుకోవడం అదొక్కసారే.

హెడ్మిస్ట్రెస్ కూడా మా పెద్దల జాతే. ఆఫీసు గదిలోనే సారీ చెప్పించేద్దాం, క్లాసెందుకు చెడగొట్టడం అంది. చదువుకున్నవాణ్ణి కదా, సర్ది చెబుతానని నా వైపు చూసింది. నాకు గొంతులో ఒక మంచి జోకు తయారైంది కూడా. మింగేశాను. క్లాసులోనే చెప్పించాలమ్మా అని మాత్రం అన్నాను. ఆమె విసుక్కుంటూ దారి చూపింది. పిల్ల బోర్డు ముందు నిలబడి, తోసింది నేనే, ముక్కు మూసుకోమని చెప్పింది కూడా నేనే అని, ఖాళీ బెంచీ వైపు చూస్తూ చెప్పింది. అర నిమిషం పట్టి ఉంటుంది. తరువాత ఆ అమ్మాయి ఇంటికి పోయి అదే మళ్ళీ చెప్పింది. నుదుటికి కట్టున్న పిల్ల గుమ్మంలో నిలబడి విన్నది. వాళ్ళమ్మ ఒళ్ళోని చేటలోంచి తల ఎత్తకుండా, క్లాసులో కూడా చెప్పిందా అని తమిళంలో అడిగింది. చెప్పిందన్నాక, సోమవారం పంపిస్తానంది.

సాయంత్రం తమ్ముడు నన్ను బస్టాండులో దింపాడు. వేలూరు బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. అంటే మా లెక్కలో అరగంట. ఆటో కడ్డీ పట్టుకుని, ఒరే, ఆ రోజు వసారాలో నేను అన్న మాట, అని మొదలుపెట్టాను. వాడు వంగిన మోచేత్తోనే నా వెనక్కి చూపించి, "బస్సొచ్చిందన్నా, ఎక్కు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బస్టాండులో నిలబడుతున్నాను. వేలూరు బస్సు వేళకు ముందే రావడం నేను చూసింది ఆ ఒక్క రోజే.