మచ్చల బల్లికి మామిడిపళ్ళ పెట్టె

ఆ వేసవిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది నిద్ర. స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దాలి. ఇంటికొచ్చి వంట చెయ్యాలి. భవానీపురంలో మేం అద్దెకున్న రెండు గదులకూ కలిపి పంపు పొద్దున ఒక్క గంట వచ్చేది, ఆ గంటలో బిందెలన్నీ నింపుకోవాలి. వీటి మధ్యలో నువ్వొక బల్లికి ఇల్లు కట్టాల్సి వస్తుందని ఎవరైనా చెప్పుంటే నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

మా నాన్న కాలవ లస్కరు. చల్లపల్లి వైపు ఒక లాకు దగ్గర గేట్లు ఎత్తుతూ దించుతూ, పొలాలకు నీళ్ళు వదులుతూ ముప్పై ఏళ్ళు గడిపాడు. ఆ ముందు సంవత్సరం మా అమ్మ ఒంటికి నీరు పట్టింది. వైద్యానికని నా దగ్గరికి తెచ్చుకున్నాను. రోజుకు రెండు గ్లాసులు మించి నీళ్ళివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను సైన్సు టీచర్ని, చెప్పింది చెప్పినట్టు కొలిచి పోసేదాన్ని. నాన్న సెలవు పెట్టి వచ్చిన రోజు అమ్మ ఆయన్ని నీళ్ళడిగింది. ఆయన గ్లాసు నిండా పట్టుకొచ్చాడు. నేను ఆయన చేతిలోంచి లాక్కున్నాను. మూడో రోజున అమ్మ పోయింది, దాహం తీరకుండానే పోయింది.

తర్వాత నాన్న రిటైరై నా దగ్గరికే వచ్చాడు గానీ, నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఊఁ", "వద్దు", "తర్వాత" అనే మూడు మాటలతో తొమ్మిది నెలలు నెట్టుకొచ్చాడు. వరండాలో నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే తినేవాడు, పిలవకపోతే లేదు. నాకు ఆ గ్లాసు గురించి ఆయన నోటినుంచి ఒక్క మాట కావాలి. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే. అదొక్కటే నా కోరిక.

మా ఇంటావిడ వెనకవైపు ఇంకో గది వేయిస్తూ కొండపల్లి వైపు నుంచి లారీ రాయి తోలించింది. ఒకరోజు పొద్దున మేస్త్రీ రాళ్ళు దొర్లిస్తూ కేకేశాడు. వెళ్ళి చూస్తే జానెడు బల్లి. గోడమీద తిరిగే రకం కాదు. పసుపు ఒంటిమీద నల్ల మచ్చలు, మందపాటి తోక, అన్నిటికీ మించి రెప్పలు. మనుషుల్లాగా కళ్ళు మూసి తెరుస్తోంది.

"బాబోయ్, దాని ఊపిరి తగిల్తే చాలు టీచరమ్మా, మనిషి లేవడు. పామన్నా నయం!" అంది ఇంటావిడ. మేస్త్రీ గునపం ఎత్తాడు.

"చంపమాకండి. నాకివ్వండి."

అన్నది మా నాన్న. మంచం దిగి, చెప్పులు కూడా లేకుండా రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. తొమ్మిది నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదే. విషమో కాదో నేను ఆలోచించలేదు. వంటింట్లోంచి తపేలా తెచ్చి దానిమీద బోర్లించాను. ఇంటావిడ మమ్మల్ని ఖాళీ చేయిస్తానని బెదిరించింది. పెట్టెలో పెడతాం, బయటికి రాదని నేను బతిమాలితే, "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. నాకెందుకులే" అని సణుక్కుంటూ పోయింది.

ఆ సాయంత్రం పళ్ళకొట్టు నుంచి మామిడిపళ్ళ చెక్కపెట్టె ఒకటి మోసుకొచ్చాను. ఇల్లు కట్టడం నాన్న పని. లోపలికి పొడుచుకొచ్చిన మేకులన్నీ వంచి కొట్టాడు. చెక్కల సందుల్లో కొబ్బరిపీచు కూరాడు. పీచు దాని వేళ్ళకు చుట్టుకుంటుందనుకున్నాడో ఏమో, మర్నాడు అదంతా లాగేసి లప్పం పూశాడు. పాలు, పెరుగు పెట్టుకునే పాత బీరువా తలుపుకున్న ఇనుప వల కోసి మూతకు బిగించి, పిల్లి లాగినా ఊడని గడియ పెట్టాడు. కృష్ణలోంచి తెచ్చిన ఇసుక లోపల పరిచి, దాక్కోవడానికి ఒక పెంకు వేసి, అది జారి మీద పడకుండా మట్టితో అతికించాడు. పెట్టెను స్టూలు మీద పెట్టి, చీమలెక్కకుండా స్టూలు కాళ్ళ కింద నీళ్ళు పోసిన మూతలు పెట్టాడు. నా వంతు తిండి. స్కూలు నుంచి వస్తూ గట్లమీద మిడతలు పట్టాలి, ఇంట్లో బొద్దింకలు పట్టాలి. ఎమ్మెస్సీ చదవలేకపోయినందుకు ఎన్నోసార్లు ఏడ్చాను గానీ, బొద్దింకల వెంట చీపురు పట్టుకుని పరుగెత్తడానికి బీఎస్సీ కూడా ఎక్కువేనని అప్పుడు తెలిసింది.

బల్లి తినేది. నాన్న చూసేవాడు. అది రెప్పలార్పితే పెదవి చివర చిన్నగా కదిలేది. పొద్దున్నే లేచి మొహం కడిగి దాని దగ్గర కూర్చునేవాడు. నాతో మాత్రం అవే మూడు మాటలు. బల్లి మీద అసూయ పడ్డానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

ఎండలు ముదిరాయి. మా డెల్టావాళ్ళకు ఏ ప్రాణినైనా బతికించడానికి తెలిసిన మందు ఒకటే, నీళ్ళు. నారుకట్టలైనా, తమలపాకులైనా, బుట్టలో చేపలైనా తడిగోనె కప్పితే చాలు. నాన్న అదే చేశాడు. పెట్టెమీద తడిగోనె కప్పాడు. పూటకు రెండుసార్లు గ్లాసుతో ఇసుకంతా తడిపేవాడు. ఇసుక పిడికిట పడితే ముద్దయ్యేది.

రెండు వారాలకు బల్లి మిడతల్ని చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. పొట్టకింద ఎర్రగా పుండ్లు లేచాయి. పాము కుబుసంలా విడవాల్సిన పాత పొర ఊడక వేళ్ళకు దారాల్లా బిగుసుకుంది. నాకు తెలిసిన జువాలజీ లెక్చరర్ గారొకాయన ఉంటే వెళ్ళి అడిగాను. "తెచ్చివ్వండి, చంపి ఫార్మలిన్ సీసాలో పెడదాం, ఈ రకం మా ల్యాబులో లేదు" అన్నాడు ముందు. నా మొహం చూసి సర్దుకుని, "అది కొండల్లో పొడి నేలమీద బతికే జీవి అండీ. తడి దానికి శత్రువు. పొర ఊడేందుకు ఒక మూల కాస్త చెమ్మ ఉంటే చాలు. మిగతా అంతా పొడిగా ఉంచండి" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేకపోయాను. నీళ్ళు పోయొద్దని ఆ మనిషికి ఏ నోటితో మళ్ళీ చెప్పను? చెబితే ఉన్న మూడు మాటలూ పోతాయి. చెప్పకపోతే బల్లి పోతుంది, దాంతోపాటు ఈయన మళ్ళీ మంచమెక్కుతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని ఆరు రోజులు గడిపాను. అంత పిరికిదాన్నని నాకు అంతవరకూ తెలియదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి బల్లి పెంకు మీదికెక్కి కూర్చుని ఉంది. పగలు ఎప్పుడూ బయటికి రాదు అది. తడిలేని చోటు పెట్టెలో అదొక్కటే. కళ్ళు మూసుకుని డొక్కలెగరేస్తోంది. నాన్న గ్లాసు నిండా నీళ్ళతో వస్తున్నాడు. ఈసారి నేను గ్లాసు లాక్కోలేదు.

"నాన్నా, పోయమాక. ఆ తడే దాన్ని చంపుతోంది."

ఆయన ఆగాడు. "ఎండకి నోరు పిడచకట్టుకుపోద్ది."

"పోదు. ఒక్క మూల తడి చాలంట. లెక్చరర్ గారు చెప్పాడు."

నా మొహంలోకి చూశాడు. "మళ్ళీ నువ్వేనా ఈ మాట చెప్పేది?"

"నేనే. చెప్పడానికి ఇంకెవరున్నారు మనకి?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన గ్లాసు స్టూలు మీద పెట్టి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తడి ఇసుక నేనే పారబోశాను. పెట్టె ఎండబెట్టి, పొడి ఇసుక పోసి, ఒక మూల చిన్న పిడతకు కన్నం కొట్టి, అందులో చెమ్మ ఇసుక పెట్టాను. పుండ్లకు పసుపు అద్దాను. పిడతలోకి ఎన్ని నీళ్ళు పొయ్యాలో తెలియక దేవుడి గూట్లో ఉన్న ఉద్ధరిణి తీసుకుని రోజుకు రెండు ఉద్ధరిణెలు పోశాను. మళ్ళీ కొలుస్తున్నాను. నాన్న మూడు రోజులు లేవలేదు. అన్నం కంచం పెట్టింది పెట్టినట్టే ఉండేది. పేపర్లు దిద్దుతూ దిద్దుతూ బల్లమీదే తల వాల్చేసేదాన్ని.

నాలుగో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన పెట్టె ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో ఉద్ధరిణి. పిడతలోకి రెండంటే రెండే పోసి మూత వేశాడు. నేను చూశానని ఆయనకు తెలుసు. ఆ రోజు నుంచి కొలిచి పోయడం ఆయన తీసుకున్నాడు. పుండ్లు మానాయి. బల్లి మళ్ళీ మిడతల్ని పట్టసాగింది.

స్కూలు ఆఖరి రోజున పేపర్ల కట్ట సంచీలో వేసుకుని కాళ్ళీడ్చుకుంటూ వచ్చాను. గుమ్మంలో ఉండగానే నాన్న మాట వినబడింది.

"పొర ఇడిచింది. ఏళ్ళ మీద కూడా ఈసమెత్తు లేదు. నేను చూస్తుండగానే ఆ పొర మొత్తం అదే తినేసింది."

పెట్టెలో బల్లి కొత్త గుడ్డలా మెరుస్తోంది. నేను ఏదో అనబోయాను. ఆయన పెట్టెవైపే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నేను గ్లాసు పోసుంటే మీ అమ్మ అప్పుడే పోయుండేది గదా."

అవునంటే తేలికయ్యేది. కానీ అబద్ధం ఆడే ఓపిక లేదు. "తెలీదు నాన్నా. మూడు రోజులు ఎక్కువ బతికిందేమో. దాహంతో బతికింది."

ఆయన తలూపాడు. "బతకాలనే లాక్కున్నావు. నాకప్పుడే తెలుసు. నీ మీద కాకపోతే కోపం ఎవరి మీద పెట్టుకోను, అమ్మాయ్?"

సంచీ దించకుండానే గుమ్మంలో కూలబడ్డాను. ఎంత అలిసిపోయానో అప్పుడు తెలిసింది. వంటకు లేవాలని అరచేతులు నేలకు ఆనించాను గానీ ఒళ్ళు లేవలేదు.

"లేవమాక, కూచో. బియ్యం నేను పడేస్తా" అని నాన్న లోపలికి వెళ్ళాడు.