నేను మొక్కని మొక్కు

ఆ రోజుల్లో ఓపిక అనేది ముసలివాళ్లకు వచ్చే ఒక రోగమని నాకు గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ల వయసు. లిఫ్టు కోసం ఆగేదాన్ని కాదు, బస్సు పూర్తిగా నిలవకముందే దిగేదాన్ని, సినిమాకు వెళ్తే ఇంటర్వెల్‌లోనే పక్కవాళ్లకు ముగింపు చెప్పి తిట్లు తినేదాన్ని (చాలాసార్లు ఆ ముగింపు తప్పయ్యేది, అది వేరే సంగతి). నాంపల్లి కోర్టుల దగ్గరి ఒక సందులో, జాబ్ టైపింగ్ షాపులో పని. కిరాయి అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, పేరు మార్పిడి కాగితాలు. గిరాకీ మనిషి వెనక నిలబడి "జర జల్దీ మేడమ్" అంటుంటే నా వేళ్లు పరుగులు తీసేవి. ఓనరు సారు నన్ను 'ఎక్స్‌ప్రెస్' అని పిలిచేవాడు. ఆ పేరంటే లోలోపల ఎంత గర్వమో!

ఒక ఎండాకాలం మొదట్లో ఎక్స్‌ప్రెస్ కాస్తా ప్యాసింజరైపోయింది. పొద్దున లేచేసరికి వేళ్లు ఉబ్బి, పిడికిలి బిగిసేది కాదు. జడ వేసుకోలేను, సీసా మూత తిప్పలేను. లక్డీకాపూల్‌లో ఒక డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చేయించి, ఒంట్లో కాపలా ఉండాల్సిన సైన్యమే నా కీళ్లను శత్రువులనుకుని కొడుతోందని చెప్పింది. (నా సైన్యమూ నాలాంటిదే, ఎవరో ఏమిటో చూసుకోకుండానే మీదపడే రకం.) మాత్రలు రాసింది. "కొందరికి కొన్ని తిండ్లు పడక నొప్పులు పెరుగుతాయి, అందరికీ కాదు. కావాలంటే పరీక్షించి చూసుకో, మాత్రలు మాత్రం మానకు" అని పక్కగదిలోని డైట్ మేడమ్ దగ్గరికి పంపింది. ఆవిడ ఒక కాగితం చేతిలో పెట్టింది. గోధుమలు, పాలు, గుడ్లు, పల్లీలు, టమాటా, వంకాయ, మిరపకాయ, అన్నీ ఆరు వారాలు బంద్. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని, నాలుగేసి రోజులు ఆగి, వేళ్లు ఏమంటున్నాయో నోటుబుక్కులో రాసుకోవాలి. మధ్యలో ఏది కలిసినా మళ్లీ మొదటి నుంచే. మా అమ్మ ఆ కాగితం చదివించుకుని, "గివన్నీ తీసేస్తే ఇగ మిగిలేది ఉప్పూ నీళ్లే కదనే" అంది. అని ఊరుకోలేదు, మర్నాటి నుంచే నా డబ్బాలో జొన్న రొట్టె, మిరియాలేసిన సొరకాయ కూర పెట్టడం మొదలుపెట్టింది.

అసలు భయం తిండి గురించి కాదు. ఓనరు సారు మంచివాడే, కానీ షాపు నడవాలి కదా. "ఎండాకాలం సెలవులు అయిపోయి కోర్టులు తెరిచేదాక చూస్తనమ్మా" అన్నాడు నా మొహం చూడకుండా. "అప్పటికి నీ చేతులు నడవకపోతే ఇంకో పిల్లను పెట్టుకోవాలె. ఏమనుకోకు." అనుకోవడానికేముంది? నాకు టైపింగ్ తప్ప వేరే విద్య రాదు. ఆ వేగం పోతే నేనెవరో నాకే తెలియని వయసది. రాత్రి పడుకుని దుప్పటి మీద వేళ్లాడించి చూసుకునేదాన్ని, ఉంగరం వేలు దగ్గర ఆగిపోయేది.

ఇక మధ్యాహ్నం తిండి సంగతి. షాపు ముందు బల్ల వేసుకుని స్టాంపు పేపర్లు అమ్మే ఒక పెద్దావిడ ఉండేది, అందరికీ స్టాంపులక్క. ఒంటిగంటకు అందరి డబ్బాలూ పాత పేపరు మీద తెరవాలి, అందరూ అందరి కూరలూ తినాలి. ఎవరి డబ్బా వాళ్లే తినడం అక్క దృష్టిలో గోడకు మొహం పెట్టి తినడమే. మొదటి రెండు రోజులు నిజమే చెప్పాను. ఫలితంగా పక్కషాపు జిరాక్స్ అన్న మెంతుల వైద్యం చెప్పాడు, ఒక వకీలు గుమాస్తా ఉపవాసాలతో కీళ్లు అరిగిపోతాయన్నాడు, స్టాంపులక్క నా రొట్టె మీద టమాటా పప్పు వేసి, "గింత తింటే ఏం గాదు" అంది. మూడో రోజు ఓర్పు చచ్చి, నోటికొచ్చింది అనేశాను.

"మొక్కున్నదక్కా."

అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏ దేవునికే?"

"ఎల్లమ్మకు. చేతులు మంచిగయ్యేదాక గివన్నీ ముట్టనని."

"అయ్యో, ముందుగల చెప్పద్దా బిడ్డా! ఏయ్, ఎవ్వరు పిల్ల డబ్బా దిక్కు చూడకుండ్రి" అని అక్క ఆజ్ఞ జారీ చేసింది. మందులకూ డాక్టర్లకూ దక్కని మర్యాద ఒక్క మాటతో దక్కింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం సరిగ్గా నాలుగు రోజులు నిలిచింది.

మంగళవారం అక్క గుడి నుంచి నేరుగా వచ్చి నా చేతిలో ఆకుదొన్నె పెట్టింది. నెయ్యి కారుతున్న రవ్వ కేసరి. "అమ్మవారి ప్రసాదం. మొక్కున్నోళ్లు మొదలు తినాలె." గోధుమ రవ్వ ఒకటి, పాల సంబంధం ఇంకొకటి. అబద్ధం అవలీలగా ఆడిన నాకు, ప్రసాదం వద్దనడం మాత్రం చేతకాలేదు. కళ్లకద్దుకుని తినేశాను. శుక్రవారం జిరాక్స్ అన్న పల్లీలు, మిరపకాయలు పడిన పులిహోర తెచ్చాడు, సోమవారం గుమాస్తా గారింట్లో పరమాన్నం. సందులో ఎవరింట్లో పూజ జరిగినా ముందు నా వాటా విడిగా వచ్చేది. నా నోటుబుక్కు ఇలా తయారైంది: 'మంగళవారం, వాపు ఎక్కువ. కారణం: రవ్వ? నెయ్యి? లేక నేను చేసిన పాపమా?' నెల గడిచింది, తేలిందేమీ లేదు. కోర్టులకు సెలవులు కూడా మొదలయ్యాయి, గడువు ముంచుకొస్తోంది.

చివరికి మధ్యాహ్నం కాగానే పోస్టాఫీసులో పనుందని చెప్పి అబిడ్స్ దాకా ఎండలో నడిచిపోవడం మొదలుపెట్టాను. పెద్ద పోస్టాఫీసు మెట్ల పక్క నీడలో కూర్చుని నా సొరకాయ నేను తినేదాన్ని, ఆ పూట చేతికొచ్చిన ప్రసాదం పక్కనున్నవాళ్లకు ఇచ్చేదాన్ని. రెవెన్యూ స్టాంపులు కొనడానికి స్టాంపులక్క వచ్చేది కూడా ఆ పోస్టాఫీసుకేనన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఆమె ఇచ్చిన కేసరిని ఒక ముసలాయన చేతిలో పెట్టి తలెత్తేసరికి, ఎదురుగా అక్క.

ఏడుపొచ్చేసింది. మొక్కు లేదని, ఉన్నది డైట్ మేడమ్ కాగితమేనని, ఉద్యోగం పోతుందని భయంగా ఉందని, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. అక్క తిట్టలేదు. కాగితం అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అచ్చం అగ్రిమెంటు చదివినట్టు ఒక్కో లైను చదివింది.

"పిచ్చిదానా, గిది ముందే సూపియ్యద్దా? మన సందుల నోటిమాటకు యిలువుంటదా? రాసి, సంతకాలు పెట్టిస్తే ఎవ్వడు కాదంటడు?"

ఆ సాయంత్రమే అక్క చెబుతుంటే, నా బిగుసుకున్న వేళ్లతో నేనే టైపు చేశాను. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పై తెలిపిన అమ్మాయికి ఈ దిగువ పదార్థములు ప్రసాదరూపమున గానీ, ఇతరత్రా గానీ ఇవ్వరాదు.' అడుగున అక్క ఇంకో లైను చేర్పించింది: 'ఈమె ఉద్యోగమునకు గల గడువు బోనాల పండుగ వరకు పొడిగించడమైనది.' జిరాక్స్ అన్న, గుమాస్తా సంతకాలు చేశారు. ఓనరు సారు కూడా ఫోన్ మాట్లాడుతూనే చేసేశాడు. (చదవకుండా సంతకం పెట్టొద్దని ఇరవై ఏళ్లుగా లోకానికి చెబుతున్న మనిషి!) తర్వాత చదువుకుని చాలాసేపు తల పట్టుకున్నాడు, కానీ సంతకం సంతకమే. ఆ కాగితం గోడకెక్కింది.

మళ్లీ మొదటి నుంచి ఆరు వారాలు. ఒక్కో రోజు ఒక్కో యుగం, కానీ ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ తర్వాత పాలు తాగాను, నాలుగు రోజులు ఆగాను, వేళ్లు ఏమీ అనలేదు. మిరపకాయ, పల్లీ, టమాటా కూడా నిర్దోషులే. గోధుమ తిన్న రెండో రోజుకే పిడికిలి బిగుసుకుపోయింది, కొన్నాళ్లాగి మళ్లీ తిన్నా అదే తీర్పు. మాత్రలు చేసింది మాత్రలు చేశాయి, గోధుమ మానేస్తే ఇంకొంత తేలికైంది. మునుపటి ఎక్స్‌ప్రెస్‌ని కాలేదు గానీ, గడువు నాటికి ఓనరు సారు ఇంకో పిల్ల మాటెత్తలేదు.

నేను మిఠాయి పంచుతుంటే అక్క తీసుకోలేదు. "మరి ఎల్లమ్మ సంగతేంది?" అంది.

"అక్కా, నేను మొక్కలేదని చెప్పిన కదా."

"నువ్వు మొక్కలే. నేను మొక్కిన. నువ్వు మొక్కున్నదన్న దినమే, నా బిడ్డ చేతులు నడిస్తే బోనం ఎత్తిస్తనని. నువ్వు అబద్ధం చెప్పినవని నేను మాట తప్పాల్నా?"

ఆషాఢంలో బోనాల ఆదివారం, అక్క పసుపు పూసి, వేపమండలు చుట్టి సిద్ధం చేసిన బోనాన్ని నా తల మీద పెట్టింది. పట్టుకోమంది. చేతులు పైకెత్తాను. పది వేళ్లూ వంగి కుండను పట్టుకున్నాయి, ఒక్కటీ మొరాయించలేదు. డప్పుల మధ్య, అంతమంది ముందు, నాకు ఏడుపు ఆగలేదు. "అమ్మవారి దయ చూసి పిల్లకు భక్తి పొంగింది" అని అక్క చుట్టుపక్కలవాళ్లకు చెప్పుకుంది. ఇప్పటికీ ముసురు పట్టిన పొద్దున వేళ్లు బిగుసుకుంటే, కాసేపు మంచం మీదే కూర్చుని అవి వదులయ్యేదాకా చూస్తూ, ఆ తొందర పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. పిల్లకు భక్తి పొంగిందని అక్క ఆ రోజు అన్న మాట తప్పని నేను ఎవరికీ చెప్పలేదు. తప్పో కాదో నాకే తెలియదు.