విల్‌ఫ్రెడ్ గారి విమానం

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టర్‌లో ఉండే విల్‌ఫ్రెడ్‌ను నేను ఇరవై ఏళ్లు భరించాను. భరించాను అన్న మాట తెలిసే రాస్తున్నాను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో స్టోర్స్ ఆఫీసు హెడ్ క్లర్కు ఆయన. మనిషి మంచివాడని అందరూ అంటారు. తాగడు, ఎవరినీ కొట్టడు, ఆదివారం చర్చి మానడు. అంతమాత్రానికే మగవాణ్ణి మంచివాడనేస్తే ఇక వాడికి వేరే పనేం మిగులుతుంది?

ఆయనకు ఒకటే జబ్బు. చేతిలో ఉన్నదంటే చులకన, పెద్దవాళ్ల చేతిలో ఉన్నదంటే నోరూరడం. ఆఫీసర్లు పైపు తాగుతున్నారని కొన్నాళ్లు పైపు కొరికాడు. పొగాకు పడక దగ్గొచ్చి మానేశాడు గానీ, పైపు మాత్రం జేబులోంచి తొంగిచూస్తూనే ఉండేది.

తొంభై అయిదులో కలకత్తా నుంచి ఎవరో విదేశీ బ్యాంకు మనిషి టై కట్టుకుని వచ్చి మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. రెండు రకాల క్రెడిట్ కార్డులు పెట్టాడు. ఏ కార్డుతో సామాను కొన్నా పాయింట్లు పడతాయి. మొదటి దాని పాయింట్లకు వంటింటి సామాన్లిస్తారు. రెండో దాని పాయింట్లకు విమానం టికెట్లిస్తారు. ఆ రెండో దానికి ఏటా కట్టే రుసుము కూడా ఎక్కువే.

"ఆ గిన్నెలిచ్చేదే తీసుకోండి. మన కుక్కరు మూత బిగుసుకోక ఆర్నెల్లయింది" అంది ఆయన భార్య సూసన్న.

"నీ బుర్రెప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటాది. ఇమానం కార్డే తీసుకుంటాను" అన్నాడాయన.

నేను ఊరుకోలేక, "ఎక్కడికండీ విమానం?" అని అడిగాను.

"విశాఖపట్నానికి, టీచరమ్మా. ఇంకెక్కడికి ఎల్తాం? ఈవిడ అప్ప ఉన్నది ఆ పక్క భీమిల్లోనే గదా."

విశాఖపట్నం వెళ్లే బండి మా ఇంటి వెనక నుంచే పోతుంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. విమానం ఎక్కాలంటే ఆ బండికి ఎదురుదిక్కున హౌరా వెళ్లాలి, అక్కడి నుంచి ఊరంతా దాటి డమ్‌డమ్ విమానాశ్రయం చేరాలి, వారంలో ఏ మూడు రోజులో ఎగిరే దానికోసం కాచుకోవాలి. ఇదంతా చెప్పాను. ఆయన నన్ను చూసి, బడిపంతులమ్మకు ఇంతకన్నా ఏం తెలుస్తుందిలే అన్నట్టు నవ్వాడు.

పైగా రైలు ఆయనకు ఉచితం. రైల్వే ఉద్యోగికి ఏటా మూడు సెట్ల పాసులుంటాయి. దరఖాస్తు మీద తను సంతకం పెడితే చాలు, భార్యతో దేశమంతా తిరగొచ్చు, లేదా భార్యను ఒక్కదాన్నే పంపొచ్చు. మా కాలనీలో టికెట్ కొనడం బయటివాళ్ల పని. చుట్టాలెవరైనా టికెట్ కొనుక్కుని వచ్చారంటే, అయ్యో పాపం అని కూరలో ఓ గుడ్డు ఎక్కువ వేసేవాళ్లం. సూసన్న రైలు డ్రైవరు కూతురు, క్లర్కు భార్య. పుట్టి బుద్ధెరిగాక టికెట్ బుకింగ్ కిటికీ ముందు నిలబడ్డ మనిషి కాదు.

ఇక కార్డు వాడకం చూడాలి. బియ్యం కొట్టువాడు తీసుకోడు, చేపల దీదీ తీసుకోదు, పాలవాడు దాన్ని తిప్పి చూసి నవ్వి ఇచ్చేశాడు. మొత్తం గోల్‌బజార్‌లో నగరేశ్వరరావు ఫ్యాన్ల కొట్లోనే దాని యంత్రం ఉండేది. కార్డును ఇనప పలక మీద పెట్టి, పైన కార్బన్ కాగితం వేసి, పిడి పట్టుకుని అటూ ఇటూ లాగుతారు. గర్రుమంటుంది. ఆ గర్రు వినడానికే ఆయన రోజూ సాయంత్రం అక్కడ స్టూలు మీద చేరేవాడు. ఎవరైనా ఫ్యాను కొనడానికి వస్తే, "డబ్బులు నాకియ్యండి, నేను కార్డు మీద కొట్టిస్తాను" అనేవాడు. కార్డయితే నగరేశ్వరరావు నూటికి రెండు ఎక్కువ తీసుకునేవాడు. అది ఈయన సొంత జేబులోంచి. ఉచితంగా ఎగరడానికి ఇంత ఖర్చు పెట్టే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కొనేవాళ్లు రాని నెల తనే కొనేవాడు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున రెండో మిక్సీ వచ్చింది. సూసన్న దాన్ని అట్టపెట్టెలోనే ఉంచి, పైన గుడ్డ పరిచి, దాని మీద బైబిలు పెట్టుకుంది.

ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఆయనకు మహా గిరాకీ. "మా ఇంట్లో ఇక రైలెక్కేది లేదు. మా మిసెస్ గాల్లోనే ఎల్తాది" అని క్యారమ్ బల్ల చుట్టూ చేరినవాళ్లందరికీ చెప్పాడు. చెప్పినందుకు తగ్గట్టే ఆ ఏడు ఒక్క పాసుకూ దరఖాస్తు పెట్టలేదు. విమానం మనిషి పాసు అడిగితే ఆఫీసులో నవ్వుతారట. ఆ సంగతి నాతో గొప్పగానే చెప్పాడు.

మరుసటేడు వానలు తగ్గుతుండగా వాల్తేరు నుంచి బండి తెచ్చిన గార్డు సొలొమోను కబురు మోసుకొచ్చాడు. సూసన్న అప్ప, అంటే అక్క, జ్ఞానరత్నానికి కడుపులో జబ్బు ముదిరిందట. ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. తల్లి పోయాక సూసన్నను పెంచింది ఆ అప్పే. తలకు నూనె రాసింది, బడికి పంపింది, పెళ్లినాడు చర్చిలో తల్లి స్థానంలో నిలబడింది. పిల్లలు లేని సూసన్నకు భూమ్మీద తనదనుకునే మనిషి ఆవిడొక్కతే. మొగుడున్నాడు కదా అంటారేమో, నేనైతే లెక్కలో వేయను.

"పాసుకు సంతకం పెట్టండి. అప్పను బతికుండగా సూసి వస్తాను" అని ఆ సాయంత్రమే అడిగింది. మా రెండిళ్ల మధ్యా ఒక్క గోడే, అన్నీ వినపడతాయి.

"దసరా పూజలు రానీ. పూజల బేరాలకి పాయింట్లు రెట్టింపు ఇస్తారంట. ఇద్దరం ఇమానంలో ఎల్దాం."

"పూజల దాకా ఆగీలా లేదని సొలొమోను సెప్పినాడు."

"ఆడేటైనా డాక్టరా? అందరితో గాల్లో ఎల్తావని సెప్పి నిన్ను ప్లాట్‌ఫారం మీద నిలబెడితే, నా మొగం ఎక్కడ పెట్టుకోవాలి?"

గోడ ఇవతల నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆయన మొహం ఎక్కడ పెట్టుకున్నా ఎవరికీ పట్టదని కేకేసి చెప్పాలనిపించింది.

ఆవిడ మళ్లీ అడిగింది. అన్నం వడ్డిస్తూ అడిగింది, చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది. ఆయన పూజలన్నాడు, పాయింట్లన్నాడు, చివరికి ఇంట్లో మనశ్శాంతి లేదని ఇన్‌స్టిట్యూట్‌కు పోయాడు. ఆయన అటు వెళ్లగానే సూసన్న మా గుమ్మంలో నిలబడి, "వదినా, టికెట్లు ఏ కిటికీ దగ్గరిస్తారు?" అని అడిగింది.

నేను చెప్పులు వేసుకున్నాను. ఆవిడ చేతిలో తను కుట్టుపని చేసి దాచుకున్న డబ్బులు రుమాల్లో మూటకట్టి ఉన్నాయి. ఇద్దరం రిక్షాలో స్టేషన్‌కు వెళ్లాం. లైన్లో మా ముందు సాలువా క్యాంపు పోలీసులు, వెనక కూరగాయల గంపలవాళ్లు. కిటికీ దగ్గరకొచ్చాక ఏం అడగాలో తెలియక ఆవిడ నావైపు చూసింది. లోపల కూర్చున్నది మా వీధి నూకయ్యే.

"అమ్మా, ఇల్ఫ్రెడ్ గారింటోళ్లు గదా. మీకు టికెట్టేటి?" అన్నాడు.

"నాకు పాసు లేదు, బాబూ. విశాఖపట్నానికి ఒకటియ్యి" అంది సూసన్న.

నూకయ్య తల దించుకుని టికెట్ ఇచ్చాడు. చిల్లర ఇస్తున్నప్పుడు కూడా తలెత్తలేదు. ఆడవాళ్ల జనరల్ పెట్టెలో ఒక మూల చోటు దొరికింది. బండి కదిలేదాకా ఆవిడ టికెట్టును గుప్పిట్లోనే పెట్టుకుంది. సంగతి నేను తిరిగొచ్చి రిక్షా దిగకముందే కాలనీ చేరింది. విల్‌ఫ్రెడ్ పెళ్లాం టికెట్ కొనుక్కుని వెళ్లిందట అని ట్రాఫిక్ కాలనీ దాకా చెప్పుకున్నారు. ఆయన ఇన్‌స్టిట్యూట్‌కు పోవడం మానేశాడు. నాకు చాలా సంతోషం కలిగింది.

జ్ఞానరత్నం చెల్లెల్ని గుర్తుపట్టింది. వారం పైనే బతికింది. గంజి సూసన్న చేత్తోనే తాగింది, మాట్లాడగలిగినంతసేపు చిన్నప్పటి కబుర్లే మాట్లాడింది. పోయిందన్న సంగతి మా బడి ఫోనుకు వస్తే నేనే వెళ్లి ఆయనకు చెప్పాను. సాయంత్రం బండి అందుకోవచ్చు, సొలొమోను గార్డు పెట్టెలోనైనా కూర్చోబెట్టుకునేవాడు. ఈయన మాత్రం కలకత్తా పరుగెత్తి, ఉన్న పాయింట్లన్నీ పోసి టికెట్లు తీసుకున్నాడు. విమానం ఉన్న రోజుదాకా కాచుకుని, భూస్థాపన అయిన మర్నాడు కోటు వేసుకుని భీమిలిలో దిగాడు.

ఇల్లంతా చాపల మీద కూర్చుని ఉంది. సూసన్న బావగారు మర్యాదకు, ప్రయాణం బాగా జరిగిందా అన్నారట. అంతే, ఈయన విమానంలో ఇచ్చిన చాక్లెట్లూ, తుడుచుకోమని ఇచ్చిన వేడి గుడ్డా, కిటికీలోంచి చూసిన సముద్రమూ అన్నీ చెప్పాడట. చావింట్లో. అదంతా అయ్యాక సూసన్నను వసారాలోకి పిలిచి, "టికెట్టు కొని నా పరువు తీసేసినావు" అన్నాడట.

"కొన్నాను. కొన్నాను గనకే మా అప్ప నన్ను సూసి పోయింది. మీకోసం ఆగుంటే నేనూ మట్టినే సూసుందును" అంది సూసన్న.

ఆయన జేబులోంచి తిరుగు ప్రయాణానికి ఆవిడ పేరున తెచ్చిన విమానం టికెట్ తీశాడట. ఆవిడ చేయి చాచలేదు. ఆయన ఒక్కడే గాల్లో కలకత్తా వెళ్లి, హౌరాలో లోకల్ పట్టుకుని ఇల్లు చేరాడు. ఆవిడ పెద్దదినం దాకా ఉండి, రైలు టికెట్ కొనుక్కుని వచ్చింది.

ఆ మరుసటేడు నుంచి ఆయన పాసులు అడగకుండానే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. సూసన్న వాటిని దులిపి మళ్లీ అక్కడే పెట్టేది. బావగారి దగ్గరికి వెళ్లినా, అప్ప సమాధికి సున్నం వేయించడానికి వెళ్లినా, కుట్టుపని డబ్బుతో కిటికీ దగ్గర టికెట్ కొనుక్కునేది. రైల్వే క్వార్టర్లో ఉంటూ, ఆయనకు అన్నం వండుతూ, ఆయన పాసు మీద మళ్లీ ఒక్క స్టేషను కూడా దాటలేదు.