పేరు లేని కబురు

నాగదుర్గ స్కూటీ ధవళేశ్వరం కాలువగట్టు మీద ఆగిందంటే అక్కడి చేనుకేదో జబ్బు చేసిందన్నమాటే. చుడీదారు మోకాళ్ళదాకా మడిచి బురదలోకి దిగుతుంది. వరి దుబ్బు విడదీసి మొదలు ఫొటో తీస్తుంది. గట్టు మీద కూర్చుని ‘చేను కబురు’ బ్లాగులో రాస్తుంది. కింద తన పేరు మాత్రం పెట్టుకోదు. ఆ కబురు చదవందే చుట్టుపక్కల రైతులకు తెల్లవారదు.

మొన్న అప్పాజీ అనే రైతు స్ప్రేయరు భుజాన వేసుకుని చేలోకి దిగబోతుంటే ఆపింది.

“ఇప్పుడే మందెందుకు బాబాయిగారూ? రసం పీల్చే దోమ ఇంకా కొద్దిగానే ఉంది. ముందు నీళ్ళు తీసేసి చేను ఆరనివ్వండి.”

“మీరెవరండీ చెప్పడానికి? చేను కబురులో రాస్తే అప్పుడు చూద్దాం లెండి.”

అది రాసేది నేనేనన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నమ్మించేలోగా మందు కొట్టేస్తాడు. అందుకని పక్క చేలో దిగి, ఫొటో తీసి, నాలుగు ముక్కలు రాసి పెట్టింది. కొత్త కబురు వచ్చిందని అప్పాజీ జేబులో ఫోను మోగింది. నిలబడే చదివాడు. స్ప్రేయరు దించి, పార అందుకుని గట్టుకు గండి కొట్టాడు.

“చూశారా అమ్మా, మీరన్నదే వాళ్ళూ రాశారు!” అన్నాడు సంబరంగా.

“హమ్మయ్య, అయితే నేను తప్పు చెప్పలేదన్నమాట!” అని నవ్వి, నాగదుర్గ కాళ్ళ బురద కడుక్కోవడానికి కాలువలోకి దిగింది.