నెక్స్ట్ అన్న టీచరుగారు

మస్కట్‌లో నేనుండే ఇంటికి దగ్గర్లో, చేపల బజారు వెనకాల, ఎండు చేపలు గోనె బస్తాల్లో పోసి అమ్మే చీకటి దుకాణాలు కొన్ని ఉన్నాయి. సెలవు రోజు పొద్దున్నే అటు వెళ్తే నాతో వచ్చిన టీచర్లు ముక్కుకి చున్నీలు అడ్డం పెట్టుకుని గబగబా దాటేస్తారు. నేను మాత్రం నిలబడి గుండెల నిండా పీలుస్తాను. అది మా కొల్లేటికోట వాసన, మా పెరట్లో తాటాకు చాపల మీద ఎండాకాలమంతా ఆరిన వాసన. దాంతోపాటే, ఆ వాసన వంక పెట్టి అయిదేళ్ళు నన్ను నోరు విప్పనివ్వని మనిషి కూడా గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు.

వేసవిలో కొల్లేరు దూరంగా జరిగిపోయి, ఊరి చుట్టూ బురద నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో కొంగలు ముక్కులు పెట్టి వెతుక్కునే రోజుల్లో, మామ్మ చేపల్ని చీల్చి ఉప్పు రాసి ఆరబెట్టేది, కాకుల్ని తోలడానికి నన్ను వేపమండ చేతికిచ్చి కూర్చోబెట్టేది. నేను కాస్త కునుకు తీశానంటే చాలు, కాకి కన్నా ముందు మామ్మ అరిచేది. వానలు పడి, వాగులన్నీ వచ్చి పడ్డాక నీళ్ళు మా గుమ్మం దాకా ఎక్కేవి. అప్పుడు బజారుకైనా పెళ్ళికైనా దోనెలోనే, అంటే తాటిదుంగ తొలిచి చేసిన పడవలోనే, ప్రయాణం. తామర తూళ్ళు తెంపి మెళ్ళో వేసుకునేవాళ్ళం, నీళ్ళలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందేలు వేసుకునేవాళ్ళం. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తీర్థం వస్తే ఊరంతా జీళ్ళ పాకం వాసన, కొత్త పరికిణీల గంజి వాసన. పండక్కి అమ్మ చింతకాయ వేసి వండిన బొమ్మిడాయిల పులుసు మర్నాటికి ఇంకా రుచిగా ఉండేది, అందుకని మేం మొదటిరోజు కొంచెమే తినేవాళ్ళం.

మా ఊళ్ళో చదువు అయిదో క్లాసుతో సరి. ఆ పైన చదవాలంటే తాడేపల్లిగూడెంలో పిన్ని వాళ్ళింట్లో ఉండాలి. బాబాయి అక్కడ మార్కెట్లో చేపలు అమ్మేవాడు. గూడెం అంటే ఉల్లిపాయల ఊరు కదా, మా క్లాసులో సగం మంది ఉల్లిపాయల కొట్ల వాళ్ళ పిల్లలే. వాళ్ళ చొక్కాలకి ఉల్లి వాసన, నా జడకి చేపల వాసన. వాళ్ళది వ్యాపారం, మాది కంపు.

ఇంగ్లీషు టీచరు విమలగారు. గంజి పెట్టిన నేత చీర, జేబురుమాలు, మెత్తటి గొంతు. ఆవిడ ఎవర్నీ కొట్టరు, తిట్టరు, పిల్లల్ని కూడా అమ్మా, నాన్నా అనే పిలుస్తారు. పాఠం జరిగే పద్ధతి ఒకటే: బెంచీ తర్వాత బెంచీ, ఒక్కొక్కరూ లేచి పుస్తకంలో ఒక్కో వాక్యం పైకి చదవాలి. మొదటి వారం నా వంతు వచ్చినప్పుడు నేను లేచి చదివాను. తడబడ్డాను. క్లాసంతా నవ్వింది, వెనకనుంచి ఎవడో కొల్లేటి గాలి కొడుతోందని అన్నాడు. ఆవిడ వాణ్ణి ఏమీ అనలేదు. జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఎంతో మర్యాదగా నాతో అన్నారు:

"కూర్చోమ్మా. రేపట్నుంచి ఆ కిటికీ పక్కన కూర్చుందువుగాని."

ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడల్లా నేను లేచేలోపే "నెక్స్ట్" అనేవారు. పదో క్లాసు అయ్యేదాకా అంతే. నేను మాత్రం ముందు బెంచీల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, నాకు ఏ వాక్యం వస్తుందో చూసుకుని, దాన్ని పెదవుల కింద పదేపదే అనుకుంటూ సిద్ధంగా ఉండేదాన్ని. ఎప్పటికైనా పిలుస్తారేమోనని సిగ్గులేని ఆశ. టీచరుగారితో మనకెందుకే, ఊరుకో అనేది పిన్ని. ఊరుకున్నాను. కానీ ఈవిడ కూర్చుని నా మాట వినక తప్పని రోజొకటి తెస్తానని లోపల ఒట్టు పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతే నా నోరు మళ్ళీ నాకు దక్కేది. చలికాలంలో గూడబాతుల్ని చూడ్డానికి దూరదేశాల వాళ్ళు వస్తే నాన్న వాళ్ళని దోనెలో తిప్పేవాడు, నేను ముందు కూర్చునేదాన్ని. వాళ్ళు దుర్భిణీలు దించి ఏదో అడిగేవారు, నేను క్లాసులో చదవకుండా మిగిలిపోయిన వాక్యాల్లోంచి ఏదో ఒకటి తీసి వాళ్ళ మీదికి విసిరేదాన్ని. పిట్టల గురించి అడిగితే రైలు ప్రయాణం గురించి చెప్పేదాన్ని. వాళ్ళు పడవ ఊగేలా నవ్వేవారు, నవ్వి, సరైన మాట చెప్పి, మళ్ళీ అనమనేవారు. ఒకసారి నేను చిన్నబుచ్చుకుంటే నాన్న గెడ వేస్తూనే అన్నాడు: "నవ్వితే నవ్వనీవే. నువ్వు ఆపకు." నా ఇంగ్లీషంతా ఆ నీళ్ళ మీద వచ్చిందే.

ఎం.ఏ. చేసి, ఏలూరులో కొన్నాళ్ళు పనిచేసి, మస్కట్‌లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే సంస్థకి వచ్చాను. ఇక్కడ ఇంగ్లీషు టీచర్లలో పెద్ద డిప్లొమా ఉన్నవాళ్ళకే పెద్ద క్లాసులు, మిగతావాళ్ళకి ఏ బీ సీ డీలు. ఉద్యోగం చేసుకుంటూనే ఆ డిప్లొమాలో చేరాను. పరీక్ష పెట్టే ఆవిడ మన క్లాసులో వెనక కూర్చుని, మనం పాఠం చెప్తుంటే రాసుకుంటూ ఉంటుంది. మొదటిసారి నన్ను ఫెయిల్ చేసింది. నేను మాట్లాడింది ఎక్కువ, నేర్చుకునేవాళ్ళని మాట్లాడనిచ్చింది తక్కువ అంది. రెండోసారీ తప్పితే డిప్లొమా పోయినట్టే, అంటే విమలగారు గెలిచినట్టే అనుకున్నాను. ఆ కసితో తెల్లారకముందే లేచి చదివాను. చివరి పాఠం రోజున ఓడరేవులో పనిచేసే ఒక పెద్దాయన లేచి, మాట అందక తడుముకుంటే క్లాసు నవ్వింది. నేను నవ్వనిచ్చి, చేతులు కట్టుకుని ఆగాను. ఆయనా నవ్వి, మళ్ళీ మొదలుపెట్టి, వాక్యం పూర్తిచేసి కూర్చున్నాడు. పాసయ్యాను. పగ పట్టి పాసయ్యానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మొన్న సెలవుల్లో ఊరికి వెళ్తూ గూడెంలో బస్సు దిగితే ఎదురుగా ఫ్లెక్సీ. దాని మీద విమలగారు, ఆవిడ పక్కన నేను. రిటైరయ్యాక ఆవిడ స్పోకెన్ ఇంగ్లీషు ట్యుటోరియల్ పెట్టారట. "మా చేతుల్లో మెరిసిన ముత్యం, నేడు విదేశాల్లో" అని రాసి ఉంది. నా ఫొటో పిన్ని దగ్గర్నుంచి తీసుకున్నారట, అడిగితే ఎవరు మాత్రం కాదంటారు. మర్నాడు ఫోన్ చేసి, పిల్లలకి నాలుగు మాటలు చెప్పి వెళ్ళమ్మా అన్నారు. ఒళ్ళు మండింది. తప్పకుండా వస్తానండి అన్నాను.

హాలు నిండా పిల్లలు, తల్లిదండ్రులు. శాలువా కప్పారు. ముందు ఇంగ్లీషులో మాట్లాడాను, ఆవిడ తలాడిస్తూ విన్నారు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా, ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆ మెత్తటి గొంతుతోనే, తెలుగులో చెప్పాను.

"ఈ టీచరుగారి క్లాసులో నేను అయిదేళ్ళు కూర్చున్నానండి. మొదటి వారం తర్వాత నన్ను ఒక్క వాక్యం కూడా చదవనివ్వలేదండి. నా దగ్గర చేపల వాసన వస్తుందని కిటికీ పక్కన కూర్చోబెట్టారండి. ఆ ఫ్లెక్సీ మీది మాట నిజం కాదండి."

విమలగారి చేతిలో జేబురుమాలు ఉండచుట్టుకుపోయింది.

"నీ మంచికేనమ్మా," అన్నారు చివరికి. "నువ్వు తడబడితే అందరూ నవ్వుతారని."

"నవ్వనివ్వాల్సిందండి," అన్నాను.

శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి ఫ్లెక్సీ తీసేశారని బాబాయి చెప్పాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు కొల్లేటికోటకి రోడ్డు మీద కారులో వెళ్ళిపోవచ్చు. దోనెలు కనపడవు. నాన్న గెడ వేసిన నీళ్ళ మీద చేపల చెరువుల గట్లు లేచాయి. మామ్మ లేదు, పెరట్లో చాపలు లేవు, చేపలు పట్టిన పూటే ఐసు పెట్టి లారీల్లో వెళ్ళిపోతున్నాయి. కొల్లేటి పిల్లలు కూడా ఇంగ్లీషు మీడియం బస్సులెక్కి పోతున్నారు. వాళ్ళని కిటికీ పక్కన ఎవరూ కూర్చోబెట్టడం లేదనే అనుకుంటాను.

నిన్న విమలగారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పంపారు, ఇంగ్లీషులో. ముందే రాసుకుని చదువుతున్నట్టుంది. మధ్యలో తడబడి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, క్షమించమన్నారు. మొత్తం విన్నాను, మళ్ళీ ఒకసారి విన్నాను. మనిషి మాట వింటే ఆ ఇంగ్లీషు ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో చెప్పడం ఇప్పుడు నా వృత్తి. ఆవిడది ఆ పాఠాల పుస్తకం దాటి ఒక్క అడుగు కూడా ముందుకి పోలేదు. నవ్వుతారని నాకన్నా ఆవిడే ఎక్కువ భయపడ్డారేమో. ఇక్కడ నాకు జాలి కలగాలి. కలగలేదు. జవాబు పంపలేదు. విన్నానని నీలి గుర్తులు మాత్రం ఆవిడకి కనపడతాయి, కనపడనీ.