మత్తయి గారింట్లో వాలిన హంసలు

ఫయాజ్ మిక్సింగ్ చేసిన పెళ్లి వీడియోలో పెళ్లికొడుకు సరిగ్గా కనబడకపోతే పోవచ్చు గాని, సీతాకోకచిలుక మాత్రం కనబడి తీరుతుంది. అదీ పెళ్లివేదిక మీద ఎగిరితే ఒక అందం. ఆయన సీతాకోకచిలుకలూ హంసలూ వంటపాకలో ఎగిరేవి, భోజనాల బంతిలో వాలేవి. నందివెలుగు పెళ్లిలో ఒక పెద్దాయన మొహం మీద గులాబీ పూసిందంటే, పాట అయ్యేదాకా రాలలేదు. ఆ పెద్దాయన ఎవరో ఆ ఊళ్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది.

తెనాలి స్టేషన్ దగ్గర మేడమెట్ల కింద ఆయన షాపు. అందులో పనిచేసే జ్యోత్స్నకి ఈ పిట్టలంటే ఒళ్లుమంట. విజయవాడలో మల్టీమీడియా కోర్సు చేసొచ్చిన పిల్ల. ఇద్దరూ వెళ్లేది ఒకే నెట్ సెంటర్, చూసేవి ఒకే సైట్లు. సినిమా ఎడిటింగ్ వాళ్లూ గ్రాఫిక్స్ వాళ్లూ దేశదేశాల నుంచి వచ్చి అక్కడ పాఠాలు రాస్తారు, సందేహాలు తీరుస్తారు, ఉచితంగా బొమ్మలు పెడతారు. జ్యోత్స్న పాఠాలు చదివేది. ఫయాజ్ హంసల్ని దింపుకునేవాడు. ఆ రోజుల్లో ఒక్క హంస దిగడానికి పూట పట్టేది. అంతసేపూ కరెంటు పోకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంటూ కుర్చీ అంచున కూర్చునేవాడు.

"అన్నయ్యా, మంచి ఎడిటింగ్ అంటే చేసినట్టే తెలియకూడదంట. సైట్లో రాశారు."

"కరెక్టే చెల్లెమ్మా. నాకూ అక్కడే చెప్పారు. నడిచే మనిషి మీంచి సీతాకోకచిలుక జారిపోకుండా ఎట్టా అంటించాలని అడిగితే, కెనడా ఆయనెవరో ఓపిగ్గా పాఠం రాసిపెట్టాడు. ఆయన నాకు గురువు."

"ఎందుకని అడగలేదా మీ గురువుగారు?"

"అడిగాడు. మా వైపు సీతాకోకచిలుకలు ఎక్కువని చెప్పా."

ఆయనతో వాదించడం గోడకి చెప్పడమే. అందుకే ఆ శనివారం రేపల్లె నుంచి ఫోను రాగానే జ్యోత్స్న మనసు ఎగిరి గంతేసింది. ఫయాజ్ బాపట్లలో ఒక పెళ్లి షూటింగుకి వెళ్లాడు. ఫోను చేసింది రైస్ మిల్లు మత్తయి గారు. కొడుకు పెళ్లి సీడీ ముందురోజే ఆయనకి అందింది.

"ఏంటమ్మా ఇది? నా కొడుకు పెళ్లికి నేను కొంగల్ని పిలవలేదే."

"అవి హంసలండి," అంది జ్యోత్స్న, అలవాటుకొద్దీ.

"ఏవైతే ఏంటి. రేపు ఆరాధన అయ్యాక పాస్టర్ గారు, నగరం ఊరి నుంచి మా వియ్యంకుడు గారు, చుట్టాలు అందరూ మా ఇంట్లో చూస్తారు. ఒక్క పిట్ట కూడా లేకుండా ఇంకోటి పంపించండి."

"అలాగేనండి. తప్పకుండానండి."

కంప్యూటర్లో పెళ్లంతా కింద వరసలో ఉంటుంది. పిట్టలూ పువ్వులూ దానిమీద ఇంకో వరసలో ఉంటాయి. జ్యోత్స్న ఆ పై వరసని ఒక్క నొక్కుతో ఊడ్చేసింది. ఇల్లంతా బూజు దులిపినంత హాయిగా అనిపించింది. కింద ఏముందో చూడలేదు. పెళ్లి పెళ్లేగా, కొత్తగా చూసేదేముంది అనుకుంది. సీడీ తయారుచేసి, రేపల్లె రైలెక్కుతున్న మిల్లు గుమాస్తా చేతిలో పెట్టి, ఆ పూటకి ఇంటికెళ్లి సుఖంగా భోంచేసింది.

ఆదివారం పొద్దున ఫయాజ్ బాపట్ల నుంచి దిగాడు. ఒంటిమీద ఎప్పటిలాగే పెద్ద పెద్ద మందారాల చొక్కా. కుర్రకారు దాన్ని పూలకొట్టు అనేవారు. జ్యోత్స్న గర్వంగా జరిగిందంతా చెప్పింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"పై వరస మొత్తమా?"

"మొత్తం."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని పిట్టలు లేని పెళ్లి తిప్పాడు. హంస ఎగరాల్సిన చోట పాస్టర్ గారు నోరు తెరుచుకుని వేదిక మీద నిద్రపోతున్నారు. జ్యోత్స్నకి నవ్వొచ్చింది. తర్వాత భోజనాల బంతి వచ్చింది. సీతాకోకచిలుక వాలాల్సిన చోట పెళ్లికూతురి తండ్రి దేవదానం గారు నిలబడి ఉన్నారు. బిర్యానీ అయిపోయినట్టుంది. మత్తయి గారి బావమరిది తోమాసు ఎంగిలి చేతిని ఆయన మొహం మీదకి ఊపుతూ కేకలేస్తున్నాడు. అరవయ్యేళ్ల మనిషి రెండు చేతులూ జోడించి, ఆ చెయ్యి ఎటు పోతే అటు జరుగుతూ బతిమాలుతున్నారు.

జ్యోత్స్న టైము చూసింది. ఇది కూతురూ అల్లుడూ ఎదురుగా ఉండగా, ఇంకాసేపట్లో ఇంటినిండా జనం చూడబోతున్నారు. తన చేతులారా తనే పంపించింది.

మత్తయి గారి సెల్లు మోగలేదు. ఆరాధనలో సెల్లు ఆపేస్తారు. ఇంటి ఫోను మోగింది గాని ఎత్తేవాళ్లు లేరు. ఫయాజ్ పిట్టలున్న సీడీ ఒకటి జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ పరిగెత్తి రేపల్లె రైలెక్కారు.

రైలు వేమూరులో ఆగింది. ఆగిన రైలు కదల్లేదు. గార్డు దిగి ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు.

"ఆ షాటు కత్తిరించేస్తే పోయేదిగా అన్నయ్యా," అంది జ్యోత్స్న ఏడుపు గొంతుతో.

"కత్తిరించొచ్చు. అదే షాటులో పక్కన పెళ్లికూతురి అమ్మమ్మ కృపమ్మ గారు కూచుని తింటున్నారు, చూశావా? ఆవిడ కెమెరా కనబడితే కొంగు కప్పుకుంటారు. పెళ్లంతటికీ ఆవిడ వీడియోలో పడింది అక్కడే. దేవదానం గార్ని తీసేస్తే ఆవిడా పోతారు. అందుకని ఆయన మీద మాత్రం పిట్ట వేశా. పాపం, ఆయన ఒకచోట నిలబడరు. కెనడా గురువుగారు లేకపోతే ఆ పాఠం నాకు వచ్చేదా?"

"మరి నందివెలుగు గులాబీ?"

"అది చెప్పకూడదు."

జ్యోత్స్న ఇన్నాళ్లూ తను విసుక్కున్న పిట్టల్ని ఒక్కొక్కటే తలుచుకుంది. ఏ పిట్ట కింద ఎవరున్నారో అని భయం వేసింది, ఆ మనిషి మీద అభిమానమూ పుట్టింది. రైలు కదిలింది. భట్టిప్రోలులో మళ్లీ ఆగింది.

వాళ్లు మత్తయి గారి గుమ్మం ఎక్కేసరికి హాలు కిటకిటలాడుతోంది. టీవీ నడుస్తోంది. పాస్టర్ గారి నిద్ర అప్పటికే అయిపోయినట్టుంది. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు, ఆయన కళ్లజోడు తెగ తుడుచుకుంటున్నారు. గోడ పక్కన కుర్చీల్లో దేవదానం గారు, భార్య సుగుణమ్మ. వాళ్ల వెనకే పెళ్లికూతురు మంచినీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. తెర మీద జనం భోజనాలకి నడుస్తున్నారు.

"ఒక్క నిమిషం ఆపండి మత్తయి గారూ, సీడీ మార్చాలి," అన్నాడు ఫయాజ్.

"ఆపేదేం లేదు. ఇప్పుడే బావుంది. కూచోండి."

ప్లేయరు అద్దాల బీరువాలో ఉంది. బీరువాకి తాళం వేసి ఉంది. గట్టిగా అడిగితే ఎందుకంటారు, ఎందుకో చెప్తే చూపించినట్టే. ఫయాజ్ పైకి చూసి పెదాలు కదిపాడు. కరెంటు పొమ్మని ఆయన దేవుణ్ణి వేడుకోవడం జీవితంలో అదే మొదటిసారి. కరెంటు పోలేదు. ఫ్యాను ఇంకా జోరుగా తిరిగింది.

తెర మీద బంతి మొదలైంది. దేవదానం గారు తల దించేసుకున్నారు. సుగుణమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఫయాజ్ నడిచి వెళ్లి టీవీ ముందు నిలబడ్డాడు.

"ఎరుపు ఎక్కువైందండి," అంటూ అద్దం మీదకి వంగాడు. "రంగు చూసుకోవాలి."

"ఏంటయ్యా ఇది, తప్పుకో," అన్నారెవరో.

ఆయన తప్పుకున్నాడు, కుడివైపుకి ఒక అడుగు. మళ్లీ ఎడమకి అర అడుగు. వంగాడు, లేచాడు, చేతులు చాపాడు. హాలంతా ఆయనకి పిచ్చెక్కిందనుకుంది. జ్యోత్స్న ఒక్కతికే తెలుసు, తెర మీద దేవదానం గారు ఎటు జరిగితే ఆ మందారాలు అటే జరుగుతున్నాయని. అయితే ఒక్క మనిషి ఎంతని కప్పగలడు? తోమాసు చెయ్యి అవతలి పక్క నుంచి బయటికి వస్తోంది. జ్యోత్స్న వెళ్లి ఆ పక్క చున్నీ పరిచి పట్టుకుంది.

"దుమ్ముందండి. తుడుస్తున్నా."

జనంలో కూచున్న తోమాసుకి కోపం వచ్చింది. ఇద్దర్నీ లాగి అవతల పారేద్దామని విసురుగా లేచి వచ్చాడు. అంత దగ్గరికొచ్చాక, మందారాలకీ చున్నీకీ నడుమ ఆయనకి తన ఎంగిలి చెయ్యే కనబడింది. దాని ముందు జోడించిన రెండు చేతులు కనబడ్డాయి. ఎత్తిన చెయ్యి దించాడు. ఒకసారి గోడ పక్క కుర్చీ వైపు చూశాడు. తర్వాత చటుక్కున ఆ సందులో తనూ నిలబడ్డాడు.

"టీవీ వేడెక్కింది బావా," అన్నాడు మత్తయి గారితో. "కాసేపు గాలి తగలాలి."

తెరలో మిగిలింది ఒక మూల. ఆ మూలలో కృపమ్మ గారు మూతికి అంటిన మెతుకులతో, పక్కావిడ ఏదో చెప్పగా, బోసినోటితో నవ్వుతున్నారు.

"నాన్నా, అమ్మమ్మ," అంది పెళ్లికూతురు. "చూడండి, కొంగు కప్పుకోలేదు."

దేవదానం గారు తలెత్తారు.

షాటు మారాక ముగ్గురూ పక్కకి జరిగారు. మత్తయి గారు నెత్తి కొట్టుకున్నారు.

"ఇంతకంటే ఆ కొంగలే నయం బాబూ. కనీసం సన్నంగా ఉన్నాయి. ఆ మొదటి సీడీయే పెట్టండి."

"హంసలండి, బావగారూ," అన్నారు దేవదానం గారు మెల్లగా. ఫయాజ్ వైపు చూస్తూ, "చాలా మంచి హంసలు," అని కూడా అన్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాల్లో తోమాసు కూర్చోలేదు. గరిటె పట్టుకుని దేవదానం గారి విస్తరి పక్కనే తిరిగాడు. ఆయన చాలంటున్నా వినకుండా బిర్యానీ గుట్టలా పోశాడు.

మర్నాడు షాపులో బాపట్ల పెళ్లి పని మొదలైంది. జ్యోత్స్న తెరకేసి చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి తిప్పింది.

"అన్నయ్యా, ఇక్కడ పెళ్లికొడుకు మేనమామలు నలుగురు కొట్టుకుంటున్నారు. దీనికి హంస చాలదు. నెట్ సెంటర్‌కెళ్లి సైట్లో ఏనుగు ఉందేమో చూస్తారా?"

ఫయాజ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.